మూడో పుస్తకంలో ఉండిపోయిన ఇల్లు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖల ఇన్‌స్పెక్టర్ జనరల్ గార్లకు,



ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. రాష్ట్రం రెండై పదేళ్లు దాటినా మీ రెండు శాఖల బల్లల మీదికి వచ్చే వీలునామాల్లో మార్పేమీ లేదు. అవే మాటలు, అవే పొరపాట్లు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మీకిద్దరికీ ఒకటే, 1925 నాటి భారత వారసత్వ చట్టమూ ఒకటే. మీ ఆఫీసు మెట్లు దిగిన ఆ కాగితం పదిహేనేళ్లకో ఇరవయ్యేళ్లకో కోర్టు మెట్లెక్కుతుంది. సివిల్ దావాలు చూసే వకీలుగా నాకు దానితో పరిచయమయ్యేది ఆ రెండో చోటే. అప్పటికి రాసినాయన గోడమీద ఫోటోలో ఉంటాడు, రాసిన మాటకు అర్థమేమిటో చెప్పడానికి ఉండడు.

ఇంట్లో పొత్తు చెడేది పిల్లల దుర్బుద్ధి వల్లనేనని లోకం అనుకుంటుంది. అదీ ఉంది. కానీ నేను చూసినంతలో దస్తావేజులో పడిన ఒకటి రెండు వాక్యాలు అంతకంటే ఎక్కువ కొంపలు ముంచాయి. ఆ వాక్యాలు పుట్టేది మీ ఆఫీసుల గేటు పక్కన, డాక్యుమెంటు రైటరు బల్ల మీద. కాబట్టి మందు కూడా అక్కడే వేయొచ్చన్నది నా మనవి.

ఒక ఇంటి సంగతి చెబుతాను. కోస్తాలో ఓ మాదిరి పట్నం. రెండు వందల గజాల స్థలం, కింద నాలుగు గదుల డాబా. పెద్దాయన బడిపంతులుగా రిటైరై, చేతికొచ్చిన డబ్బంతా పోసి కట్టిన స్వార్జితం. పైన అంతస్తు పెద్దకొడుకు తన డబ్బుతో వేశాడు, దానికి కాగితం లేదు. కూతురు పెళ్లయి హైదరాబాదులో ఉంది. చిన్నకొడుకు అమ్మానాన్నల దగ్గరే. పెద్దాయన ముందుచూపున్న మనిషి కాబట్టి వీలునామా రాయించి రిజిస్టరు కూడా చేయించారు. అందులో అసలు వాక్యం ఇదీ: ‘సదరు షెడ్యూలు ఆస్తిని నా తదనంతరం నా భార్య దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో అనుభవించుకొని, ఆమె తదనంతరం నా ఇద్దరు కుమారులు, కుమార్తె సమభాగములుగా పొందవలయును.’

వినడానికి ఎంత నిండుగా ఉంది! భార్యకు గౌరవం దక్కింది, పిల్లలకు సమానం దక్కింది. డాక్యుమెంటు రైటర్లకు ఈ వాక్యం కంఠతా వచ్చు, ఎవరి వీలునామాలోనైనా పేర్లు మార్చి ఇదే దింపుతారు. చిక్కల్లా దాని రెండు సగాలూ ఒకదానితో ఒకటి పొసగకపోవడమే. దాన విక్రయాది సర్వహక్కులూ ఆమెవైతే ఇల్లు ఆమె ఇష్టం. అమ్మొచ్చు, ఇచ్చేయొచ్చు. అలాంటప్పుడు ‘ఆమె తదనంతరం’ పిల్లలకు ఇవ్వడానికి ఆయన దగ్గర మిగిలిందేమిటి? ఆ తల్లి ఆఖరి రోజుల్లో తనను కనిపెట్టుకున్న చిన్నకొడుక్కి ఇల్లు దఖలు రాసిచ్చింది. పెద్దవాడూ కూతురూ దావా వేశారు. పూర్తి హక్కు ఇచ్చాక దానిమీద మళ్లీ కోత పెట్టడం చెల్లదు, మొదటి మాటే నిలుస్తుందని చిన్నవాడి వకీలు వాదించాడు. వీలునామాలో రెండు మాటలు పొసగనప్పుడు చివరిదే నిలుస్తుందని వారసత్వ చట్టం 88వ సెక్షను చెబుతోంది కదా అని అవతలి వకీలు వాదించాడు. ఇద్దరి చేతుల్లోనూ సుప్రీంకోర్టు తీర్పులున్నాయి. ఈ లోపల వాన నీళ్లు పై అంతస్తు గోడలోంచి కిందికి దిగుతున్నాయి. దావాలో ఉన్న ఇంటికి డబ్బు పెట్టి మరమ్మతు చేయించడానికి ఎవరు ముందుకొస్తారు?

సరే, ‘సర్వహక్కులు’ అనే మాట తీసేసి ‘నా భార్య యావజ్జీవితం అనుభవించి, తదనంతరం పిల్లలకు’ అని రాస్తే గొడవ తీరుతుందా అంటే పూర్తిగా తీరదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను స్త్రీ చేతిలో ఉన్న ఆస్తిని ఆమె సంపూర్ణ ఆస్తిగా మారుస్తుంది. మనోవర్తి హక్కుకు బదులుగా ఇచ్చిన ఆస్తి అయితే, ‘బతికున్నంతకాలమే’ అని షరతు పెట్టినా ఆ షరతు నిలవదని 1977లో తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది మన నెల్లూరు నుంచి వెళ్లిన కేసు. భర్త పోయిన మనిషి బావల, మరుదుల దయమీద బతకనక్కర లేదని చెప్పిన గొప్ప తీర్పు అది, అందులో నాకు రెండో అభిప్రాయం లేదు. కానీ ఆ తర్వాత వచ్చిన తీర్పులు రెండు దారులు పట్టాయి. వీలునామా ద్వారా వచ్చిన పరిమిత హక్కు పరిమితంగానే ఉంటుందని కొన్ని, ఉండదని కొన్ని. చివరికి 2024 డిసెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ ముడి విప్పమని విషయాన్ని పెద్ద ధర్మాసనానికి నివేదించింది. ఢిల్లీలోనే తేలని సంగతిని మన డాక్యుమెంటు రైటరు అరపేజీలో తేల్చేస్తున్నాడు.

నన్నడిగితే సొంత సంపాదనతో కట్టిన ఒక్క ఇల్లున్న ఆలుమగలకు తేలిక దారి ఒకటుంది. భార్యకు పూర్తి హక్కుతో రాసి, ‘తదనంతరం’ అనే మాట జోలికి పోకుండా అక్కడితో ఆపేయాలి. ఆమె తనకంటే ముందు పోతే ఎవరికి చెందాలో వేరే పేరాలో రాయాలి. అదే రోజు ఆమె చేత కూడా తన వీలునామా రాయించాలి. రేపు ఆమె మనసు మార్చుకుంటే? మార్చుకోనివ్వండి. నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషిని ఆ మాత్రం నమ్మలేకపోతే ఎంత పకడ్బందీ వాక్యం రాసినా లాభం లేదు.

ఆడవాళ్ల వీలునామా అన్నాను కాబట్టి ఇంకొక్క మాట. మన దగ్గర వీలునామా మగవాళ్ల వ్యవహారం అనుకుంటారు. భార్య పేరున ఫ్లాటు కొంటారు, ఆమె చేత వీలునామా మాత్రం రాయించరు. పిల్లలు లేని వితంతువు వీలునామా లేకుండా పోతే ఆమె స్వార్జితం సైతం ముందు భర్త వైపు వారసులకు పోతుందని హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షను. పెళ్లయిన మూడు నెలలకే భర్త పాము కరిచి పోతే, అత్తింటివారు వెళ్లగొట్టిన ఒకావిడ పుట్టింటికొచ్చి చదువుకుని ఉద్యోగం చేసి సంపాదించింది. ఆ సంపాదన కూడా ఆ వెళ్లగొట్టినవారికే చెందుతుందని 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పాల్సి వచ్చింది, చట్టం అలా ఉంది మరి. ఆవిడ ఒక్క తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు రాసి ఇద్దరు సాక్షుల చేత సంతకం పెట్టించి ఉంటే ఆ తీర్పుకు పని ఉండేది కాదు.

సాక్షుల దగ్గరికే వస్తాను. భారత వారసత్వ చట్టం 63వ సెక్షను ప్రకారం ఇద్దరు సాక్షులు కావాలి. రాసినవాడు సంతకం పెట్టగా వాళ్లు చూడాలి, లేదా ఇది నా సంతకమేనని ఆయన నోటితో చెప్పగా వినాలి. ఆయన ఎదుటే వాళ్లు సంతకం చేయాలి. రాసినాయన పోయాక వీలునామాను కోర్టులో రుజువు చేయాలంటే ఆ ఇద్దరిలో బతికున్న ఒక్కరైనా బోనెక్కాలి. పాత సాక్ష్య చట్టంలో అది 68వ సెక్షను, 2024 జులై నుంచి వచ్చిన కొత్త చట్టంలో 67వది. ఇంత బరువు మోయాల్సిన సాక్షుల్ని మనవాళ్లు ఎక్కడ వెతుకుతున్నారో మీకు తెలియంది కాదు. ఆఫీసు గేటు దగ్గర, టీకొట్టు బల్ల మీద. ఆధారు కార్డు జేబులో పెట్టుకుని సిద్ధంగా ఉంటారు, వందో రెండొందలో తీసుకుని వేలిముద్ర వేసి వెళ్లిపోతారు. ఇరవయ్యేళ్లకు సమను పంపితే ఆ చిరునామాలో ఆ మనిషి ఉండడు. రిజిస్టరైంది కదా ఇంకేం భయమని పిల్లలు అంటారు. సబ్ రిజిస్ట్రారు పెట్టిన ముద్ర సాక్షి సంతకం కిందికి దానంతట అది రాదు. కింద ‘దస్తూరి’ అని సంతకం చేసిన రైటరు కూడా సాక్ష్యం చెప్పే ఉద్దేశంతో చేస్తే తప్ప సాక్షి కాడు. మన పెద్దవాళ్లకు ఇది ఎవరూ చెప్పరు. మీకంటే పదిహేనేళ్లు చిన్నవాళ్లను, మిమ్మల్ని ఎరిగినవాళ్లను, వీలునామాలో వాటా లేనివాళ్లను తెచ్చుకోండని మీ కౌంటరు మీద ఒక బోర్డు ఉంటే, ఎంతోమంది పిల్లలు పదేళ్లు కోర్టుచుట్టూ తిరిగే పని తప్పుతుంది. మంచాన పడి రాస్తున్నవారైతే ఒక సాక్షి డాక్టరైతే మరీ మేలు. వీలునామా వల్ల లాభం పొందేవాడే దగ్గరుండి రాయించడం, సంతకం వణకడం, ఒక బిడ్డను కారణం చెప్పకుండా పక్కన పెట్టడం వంటి అనుమానాలన్నీ వీలునామా పట్టుకొచ్చినవాడే తీర్చాలని 1959 నుంచీ సుప్రీంకోర్టు చెబుతూనే ఉంది.

ఇక ఈ ఉత్తరానికి పేరు పెట్టిన మూడో పుస్తకం.

ఇల్లు కొనేవాడు, అప్పిచ్చే బ్యాంకు, ఆఖరికి కన్నపిల్లలు సైతం మొదట తీయించేది ఈసీ, అంటే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్. అందులో కనిపించేవి మీ ఒకటో నంబరు పుస్తకంలో ఎక్కిన దస్తావేజులు. వీలునామా ఎక్కేది మూడో నంబరు పుస్తకంలో. ఈసీలో దాని జాడ ఉండదు. రాసినవారు బతికున్నంతకాలం వారికో వారి ఏజెంటుకో తప్ప నకలు ఇవ్వకూడదని రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షను చెప్పడం న్యాయమే. బతికుండగానే ఎవరికెంత రాశాడో తెలిస్తే ఆ ముసలాయనకు అన్నం ఎవరు పెడతారు? ఆయన పోయాక మాత్రం దరఖాస్తు పెట్టిన ఎవరికైనా నకలు ఇవ్వొచ్చని అదే సెక్షను చెబుతోంది. చట్టం ఇచ్చిన ఈ వీలు కాగితం మీదే ఉండిపోయింది. వీలునామాను ఆస్తి ఉన్న ఊళ్లోనే రిజిస్టరు చేయించాలన్న నియమం లేదు. తెనాలి ఇంటికి వీలునామా కూకట్‌పల్లిలో ఉండొచ్చు. తండ్రి ఎక్కడో ఏదో రాశాడని విన్న కూతురు ఎన్ని ఆఫీసులు తిరగాలి? తిరగలేక ఊరుకుంటుంది. ఈలోగా అన్నదమ్ములు తహసీల్దారు దగ్గర ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెచ్చుకుని మున్సిపాలిటీలో పేరు మార్పించుకుని ఇల్లు బేరం పెట్టేస్తారు. పన్ను రసీదు మీద పేరు మారినంత మాత్రాన హక్కు మారదని కోర్టులు చెబుతూనే ఉన్నాయి, కొనేవాళ్లు కొంటూనే ఉన్నారు. ఆనక వీలునామా బయటపడితే కొన్నవాడూ అమ్మినవాడూ కోర్టు వరండాలో ఒకే బెంచీ మీద కూర్చుంటారు.

ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. మరణ ధృవీకరణ పత్రం చూపి, చనిపోయినవారి పేరు, తండ్రి పేరు, ఆధారు ఇస్తే మీ రాష్ట్రంలో ఏ ఆఫీసులోనైనా ఆ పేరున వీలునామా ఉందో లేదో చెప్పే వెతుకులాట ఒకటి పెట్టండి. లోపలి విషయం చెప్పనక్కర్లేదు, ఉందా లేదా చెబితే చాలు. ఏళ్లకేళ్ల ఈసీలు ఇంట్లో కూర్చుని తీసుకునేలా చేసిన శాఖలకు ఇది పెద్ద పనేం కాదు. అయితే ఒక హెచ్చరిక కూడా అందులోనే ముద్రించండి: రిజిస్టరైన వీలునామా తర్వాత, రిజిస్టరు కాని మరో వీలునామా సక్రమంగా రాసి ఉంటే ఆ చివరిదే చెల్లుతుంది.

అసలు రిజిస్టరు చేయించడం ఇష్టం లేనివారి కోసం 1908లోనే ఒక ఏర్పాటు చేసిపెట్టారు. వీలునామాను సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాచుకోవచ్చు. 42 నుంచి 46 దాకా సెక్షన్లు దాని గురించే. ఆ కవరును నిప్పంటని పెట్టెలో భద్రపరచాలని చట్టమే చెబుతోంది. ఐదో నంబరు పుస్తకం అందుకే ఉంది. కావాలంటే బతికుండగా వెనక్కి తీసుకోవచ్చు. పోయాక పిల్లలు అడిగితే వారి ఎదుట విప్పి మూడో పుస్తకంలో ఎక్కిస్తారు. లోపల ఏముందో గుమాస్తాకు సైతం తెలియదు. మన ఊళ్లల్లో వీలునామా బీరువాలో బంగారం పెట్టెలో ఉంటుంది, బీరువా తాళం కోడలి దగ్గర ఉంటుంది. ఆమెకు నచ్చని కాగితం మాయం కావడానికి అగ్గిపుల్ల చాలు. సీలు కవరు సంగతి వందమందిని అడగండి, విన్నామన్నవారు ఒకరు దొరికితే గొప్పే.

అదే చట్టంలో 31వ సెక్షను ఉంది. నడవలేనివారి ఇంటికే అధికారి వచ్చి రిజిస్టరు చేసుకోవచ్చు, వీలునామా అయితే కవరు కూడా అక్కడే తీసుకోవచ్చు. ఈ మధ్య స్లాటు బుకింగులో అన్నీ ఉన్నాయి, ఇంటికి రమ్మనే మీట మాత్రం జనానికి కనిపించడం లేదు. స్ట్రెచరు మీద మెట్లెక్కించిన పెద్దాయన చేత వేలిముద్ర వేయించారన్న సంగతి మా కోర్టులో అనుమానానికి మొదటి ఆధారమవుతోంది.

ఎందుకింత ఉపేక్ష? నా ఊహ చెబుతాను, కోపం తెచ్చుకోకండి. వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు. రాబడి లక్ష్యాలతో నడిచే శాఖకు అది చేతికి డబ్బు రాని కాగితం. గిఫ్టు సెటిల్‌మెంటు అలా కాదు, డ్యూటీ వస్తుంది. అందుకేనేమో రైటరు దగ్గరికి వీలునామా కోసం వెళ్లినవారికి ‘గిఫ్టు చేసేయండి పెద్దాయనా, పనైపోతుంది’ అనే సలహా వినిపిస్తుంది. పనైపోయే మాట నిజమే, ఆయన పని కూడా అయిపోతుంది. వీలునామా ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. గిఫ్టు ఒకసారి చేస్తే వెనక్కి రాదు. బతికున్నంతకాలం ఇంట్లో ఉండే హక్కు అట్టేపెట్టుకుని ఇచ్చినా గిఫ్టు గిఫ్టేనని, ఇచ్చినావిడ తర్వాత రద్దు చేసుకోవడం కుదరదని 2014లో సుప్రీంకోర్టు చెప్పిన కేసు కూడా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిందే. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షను కింద ట్రిబ్యునల్‌కు వెళ్లి రద్దు చేయించుకోవచ్చు, అయితే చూసుకోవాలన్న షరతు మీద ఇచ్చానని తేలాలి. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఆ సెక్షనును వృద్ధుల పక్షాన ఉదారంగా చదవాలని చెప్పింది. కాబట్టి గిఫ్టు రాసితీరాలనుకునేవారి దస్తావేజులో ‘నన్ను పోషించవలెను’ అనే షరతు రైటరు దయకు వదలకుండా మీ నమూనాలోనే ఉండాలి.

పిత్రార్జిత ఇళ్ల సంగతి వేరు. అందులో తన వాటాకే వీలునామా చెల్లుతుంది. ఆడపిల్లలకు పుట్టుకతోనే వాటా ఉందని 2005 సవరణ, 2020 సుప్రీంకోర్టు తీర్పు ఖాయం చేశాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అయితే 1985 సెప్టెంబరు నుంచే, పెళ్లికాని ఆడపిల్లల వరకు, ఆ హక్కు ఇచ్చింది. అయినా ‘మా తాతలనాటి ఇల్లు మొత్తం మా అబ్బాయికి’ అని రాసే వీలునామాలు ఇంకా వస్తున్నాయి. ముస్లిం కుటుంబాల్లోనైతే అప్పులూ ఖర్చులూ పోగా మిగిలిన దాంట్లో మూడోవంతుకు మించి వీలునామా చెల్లదు, వారసుల్లో ఒకరికే రాయాలంటే మిగిలినవారు ఒప్పుకోవాలి. ఇవి మీ కౌంటరులో గోడకు తగిలించే బోర్డు మీద నాలుగు వరుసల సంగతులు.

ట్రస్టు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు హైదరాబాదు హోటళ్లలో మీటింగులు పెట్టి ఫ్యామిలీ ట్రస్టులు అమ్ముతున్నారు. ట్రస్టంటే మనకు గుడి, సత్రం, కాలేజీ గుర్తొస్తాయి. కుటుంబం కోసం పెట్టుకునే ట్రస్టుకు 1882 నుంచీ చట్టం ఉంది. ఇల్లు ట్రస్టీ పేరున ఉంటుంది, అనుభవం మీరు చెప్పినవారిది. ఇంటిని ట్రస్టులో పెట్టాలంటే రిజిస్టరైన దస్తావేజైనా ఉండాలి, వీలునామాలోనైనా రాయాలని 5వ సెక్షను. బతికుండగా దస్తావేజు రాసి ఇల్లు వేరే ట్రస్టీకి మారిస్తే స్టాంపు డ్యూటీ పడుతుంది. వీలునామాలోనే ట్రస్టు రాస్తే పడదు. అందుకే నేను చాలామందికి రెండోదే చెబుతాను.

చాలామందికి అన్నాను గానీ నిజానికి చాలామందికి ట్రస్టే అక్కర్లేదు. పిల్లలంతా పెద్దవాళ్లై, తగాదా లేకుండా, ఒక ఇల్లున్నవారికి మంచి వీలునామా చాలు. ట్రస్టు ఎవరికి కావాలంటే, మందబుద్ధి, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డ తల్లిదండ్రులకు. మేం పోయాక వీడు ఎక్కడుంటాడన్న ప్రశ్న వారిని నిద్రపోనివ్వదు. ఆ బిడ్డ పేరునే ఇల్లు రాస్తే సంతకం పెట్టలేని యజమాని చేతిలో పెట్టినట్టవుతుంది. అన్నపేరున రాసి తమ్ముణ్ని చూసుకోమంటే ఆ మాట ఆ అన్నగారి భార్యకూ అతని అప్పులవాళ్లకూ కట్టుబాటు కాదు. అలాంటిచోట వీలునామాలో ట్రస్టు రాయాలి. ఇల్లు ఇద్దరు ట్రస్టీల చేతిలో ఉంటుంది, బిడ్డకు అందులో కడదాకా నివాసం ఉంటుంది, పై వాటా అద్దె అతని ఖర్చుకు పోతుంది, అతని తర్వాత ఎవరికో కూడా అందులోనే ఉంటుంది. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద కలెక్టరు ఉండే స్థానిక కమిటీ ద్వారా చట్టబద్ధ సంరక్షకుణ్ని నియమించుకోవచ్చు, అది మనిషి సంరక్షణకు. ఈ ట్రస్టు ఇంటి సంరక్షణకు. రెండూ కావాలి. ఇంటిపన్నుకూ సున్నానికీ మోటారు రిపేరుకూ కొంత సొమ్ము కూడా ట్రస్టులో వేయాలి. వట్టి ఇల్లు పెట్టి డబ్బు పెట్టకపోతే ట్రస్టీ మొదటి ఏడాదే దండం పెట్టి తప్పుకుంటాడు.

పసిపిల్లలున్నవారికీ, వ్యాపారంలో పీకలదాకా మునిగే కొడుకున్నవారికీ కూడా ట్రస్టు పనికొస్తుంది. అయితే ఉన్న అప్పులు ఎగ్గొట్టడానికి ఇల్లు ట్రస్టులోకి మారిస్తే ఆస్తి బదిలీ చట్టం 53వ సెక్షను కింద అప్పులవాళ్లు దాన్ని రద్దు చేయించగలరు. మీటింగుల్లో ఈ ముక్క చెప్పరు.

‘ఏడు తరాలదాకా ఈ ఇల్లు అమ్మకూడదు’ అని రాయించుకుని వచ్చేవారు కూడా ఉంటారు. ప్రేమ అర్థమవుతుంది గానీ చట్టం ఒప్పుకోదు. కలకత్తాలో ప్రసన్నకుమార్ ఠాగూరు క్రైస్తవం పుచ్చుకున్న కొడుకును కాదని, తన ఆస్తి మగసంతతి వరసలో తరతరాలకూ పోవాలని వీలునామా రాశారు. ఎంత పెద్దమనిషైనా సరే, చట్టంలో లేని కొత్త వారసత్వ వరసను పుట్టించలేరని 1872లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. వీలునామా రాసినవారు పోయేనాటికి బతికున్నవారి జీవితకాలం, ఆపైన ఒక మైనరు పెద్దయ్యేదాకా. మనిషి మాట ఇంటిమీద నడిచేది అంతవరకే. ఆ తర్వాతి తరం సంగతి ఆ తరానికి వదిలిపెట్టాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఈ విషయంలో మనకంటే ముందున్నారు, ఒక చిక్కులో కూడా ముందున్నారు. డాలస్‌లోనో ఎడిసన్‌లోనో ఇల్లు కొన్న రోజే లివింగ్ ట్రస్టు రాయిస్తున్నారు. గుంటూరులో నాన్నగారిచ్చిన ఇల్లు కూడా అందులో చేరిపోయిందనుకుంటున్నారు. ఇండియాలో ఉన్న స్థిరాస్తికి, యజమాని ఎక్కడ స్థిరపడినా, ఇండియా చట్టమే వర్తిస్తుంది. ఇంకా పెద్ద ప్రమాదం ఒకటుంది. అక్కడి వకీలు రాసే వీలునామాలో మొదటి వాక్యమే ‘ఇంతకు ముందు రాసినవన్నీ రద్దు’ అని ఉంటుంది. గుంటూరులో రిజిస్టరు చేసుకున్న వీలునామా ఆ ఒక్క వాక్యంతో ఎగిరిపోతుంది. ఇక్కడి ఆస్తికి వేరే వీలునామా ఉందనీ దాని జోలికి పోవడం లేదనీ అక్కడి కాగితంలో రాయించుకోవాలి. ఫ్లాటుకు సొసైటీలో నామినీ పేరిచ్చాం కదా అనేవారూ ఉన్నారు. నామినీ అప్పటికి పట్టుకుని ఉండే మనిషే, వారసుల హక్కు అతనివల్ల పోదు.

అయ్యా, ఇంతా రాసి మిమ్మల్ని అడిగేది కొంచెమే. వీలునామాకూ, వీలునామాలో ట్రస్టుకూ, పోషణ షరతున్న గిఫ్టుకూ వాడుక తెలుగులో నమూనాలు అచ్చువేసి ప్రతి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఉచితంగా ఇవ్వండి, వెబ్‌సైటులో పెట్టండి. ‘దాన వినిమయ విక్రయాది’ వాక్యం పక్కన ‘దీని తర్వాత తదనంతరం అని రాయకండి’ అని ఎర్ర అక్షరాలతో వేయండి. మూడో పుస్తకానికి పైన చెప్పిన వెతుకులాట పెట్టండి. సీలు కవరు గురించీ ఇంటికొచ్చే అధికారి గురించీ మీసేవలోనూ గ్రామ సచివాలయంలోనూ రాసిపెట్టండి. 1908 చట్టం స్థానంలో కొత్త రిజిస్ట్రేషన్ చట్టం కోసం కేంద్రం 2025లో ముసాయిదా బయటపెట్టింది. వీలునామా జాడ వారసులకు దొరికే ఏర్పాటు అందులో ఉండాలని మీ రెండు రాష్ట్రాలూ కలిసి రాయొచ్చు. తెలుగువాళ్లు ఒకే మాట మీద నిలబడ్డ సందర్భాలు తక్కువ, ఇది ఒకటి కానివ్వండి.

డబ్బు ఖర్చయ్యే పని ఇందులో ఆ వెతుకులాట ఒక్కటే. మిగతాదంతా కాగితం, గోడ, మేకు. ముందుగా రెండు రాష్ట్రాల్లో ఒక్కో జిల్లాలో మొదలుపెట్టి చూడండి. నమూనాలు రాసిపెట్టడానికి ఫీజు అడగకుండా కూర్చునే సివిల్ వకీళ్లు ప్రతి బార్‌లోనూ నలుగురైనా ఉంటారు. మా ఊళ్లో అయితే నేను వస్తాను, తేదీ చెప్పండి.

ఇట్లు,
ఒక సివిల్ న్యాయవాది